వట్టికాళ్ల జ్ఞాపకం

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా మాట చివరికి 'ఆ రోజుల' దగ్గరికే వస్తుంది. ఆ రోజులంటే 1950 నుంచి 1963 దాకా. సయ్యద్ అబ్దుల్ రహీం రోజులు. బడిపంతులుగా పనిచేసిన మనిషి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. అదే పంతులు దేశం జట్టుకు కోచ్ అయి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చారు. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయారు. అజీజ్, నూర్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్, బలరాం, తంగరాజ్. సికింద్రాబాద్‌లో కొందరు ముసలివాళ్లు ఈ పేర్లను ఇప్పటికీ తస్బీ తిప్పినట్టు తిప్పుతుంటారు.

నాకూ ఆ రోజులంటే ఇష్టమే. నేను పుట్టేనాటికి అవి అయిపోయి పాతికేళ్లు. చూడని కాలం మీద బెంగ పెట్టుకోవడం తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు కొత్త కాదు. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు భువన విజయం పేరెత్తితే చాలు, డిపార్ట్‌మెంటులో సగం మంది గొంతులు తడారిపోయేవి. ఆ సభ జరిగేటప్పుడు మా తాతల తాతలు ఎక్కడ నిలబడి ఉండేవాళ్లని మాత్రం అడగకూడదు. అడిగితే రసభంగం.

ఫుట్‌బాల్ అభిమానుల బెంగ కూడా ఇట్లాంటిదే, అన్ని దేశాల్లోనూ. ఇంగ్లండ్‌లో పాత స్టేడియాలు, బురద, నిలబడి చూసే మెట్లు, తోలు బంతి గురించి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకు లెక్క లేదు. డబ్బు ఆటను మింగేసింది అంటారు. నిజమే. కానీ అవే మెట్ల మీద నుంచి 1988లో జాన్ బార్న్స్ అనే నల్ల ఆటగాడి మీదికి అరటిపండు విసిరారు. ఆయన దాన్ని మడమతో పక్కకు తన్నిన ఫొటో ఇవాళ్టికీ తిరుగుతోంది. అక్కడ ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను 1921లో పెద్ద మైదానాల నుంచి బయటికి గెంటేసి దాదాపు యాభై ఏళ్లు రానివ్వలేదు. ఆ రోజులు ఎవరివి అన్న ప్రశ్న అక్కడా ఉంది.

మన దగ్గరికి వస్తాను. రహీం సాబ్ మీద అజయ్ దేవ్‌గన్ హీరోగా 'మైదాన్' సినిమా 2024లో వచ్చినప్పటి నుంచి మా కాలేజీలో కూడా ఆ రోజుల మాటలు పెరిగాయి. మంచిదే. అంతకుముందు నా విద్యార్థులకు మెస్సీ తెలుసు, బలరాం తెలియదు. అయితే ప్రతి పోస్టులో, ప్రతి స్టాఫ్ రూమ్ చర్చలో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: "కాళ్లకు బూట్లు కూడా లేకుండా ఆడారండీ మహానుభావులు." ఆ వాక్యం చెప్పేటప్పుడు ముఖంలో ఒక భక్తి. నాకు అక్కడే ముద్ద దిగదు.

వట్టికాళ్ల కథకు చరిత్ర ఉంది. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. పదకొండు మందిలో పదిమంది వట్టికాళ్లతో ఆడారు. బూట్ల తెల్లదొరల మీద వట్టికాళ్ల గెలుపు అది, దాని విలువ తక్కువేమీ కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో నాగా యువకుడు తాలిమెరెన్ ఆవ్ నాయకత్వంలో మన జట్టు ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడినప్పుడు కూడా చాలామందికి బూట్లు లేవు. 1950 ప్రపంచ కప్‌కు మనవాళ్లు వెళ్లకపోవడానికి కారణం వట్టికాళ్లతో ఆడనివ్వకపోవడమే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కట్టుకథ. అప్పట్లో మన ఫుట్‌బాల్ పెద్దలకు ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ ఆనలేదు, అందుకే పంపలేదు. 1952 హెల్సింకి చలిలో యుగోస్లావియా 10-1తో కొట్టిన తర్వాత గానీ బూట్లు తప్పనిసరి కాలేదు.

ఆ ఆటగాళ్లలో కొందరు బూట్లు దొరికినా వద్దనుకున్నారు. వట్టి పాదానికి బంతి బాగా మాట వింటుందని వాళ్ల నమ్మకం. పనితనం తెలిసినవాడి ఎంపిక అది. నేను దండం పెడతాను.

మా తాతకు ఆ ఎంపిక లేదు. నల్లగొండ జిల్లాలో మా ఊరి దొరకు కిర్రు చెప్పులు కుట్టింది ఆయనే. లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, ఆరె, రంపె పట్టి కుట్టేవాడు. చెప్పు కిర్రుమనాలంటే అడుగు పొరల మధ్య ఏం పెట్టాలో ఆయనకు తెలుసు. ఆ కిర్రు విని ఊరు లేచి నిలబడాలి కదా మరి. అదే తాత గడీ ముందు నుంచి నడవాలంటే తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం అయినా సరే. మా నాయిన చిన్నప్పుడు ఒకసారి మరిచిపోయి చెప్పులతో దాటినందుకు తాత చేతనే ఆయన్ని కొట్టించారు. జాషువా గబ్బిలం పాఠం చెప్పేటప్పుడు, చెప్పులు కుట్టి బతికే ఆ కథానాయకుడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు చంకలో చెప్పులే కనిపిస్తాయి. అందుకే బూట్లు లేని పాదాల మీద అంత భక్తి చూపించే పెద్దమనుషులను చూస్తే నాకు అనుమానం. తమ వీధిలో మేము అట్లాగే నడిచినప్పుడు ఆ భక్తి ఎక్కడికి పోయింది?

ఇంక తోలు సంగతి. పాత తోలు బంతి గురించి అభిమానులు ఎంత ముచ్చటగా రాస్తారో. వానలో తడిస్తే బండరాయి అయ్యేదట, తాడు కట్టిన వైపు తలకు తగిలితే నుదురు చిట్లేదట, ఆ తోలు వాసనే వేరట. ఆ వాసన గురించి 1891లో శ్రీనగర్‌లో ఏమన్నారో వినండి. టిండేల్-బిస్కో అనే మిషనరీ తన బడికి ఫుట్‌బాల్ తెచ్చి చూపించాడు. ఇది దేనితో చేశారని పిల్లలు అడిగారు. తోలుతో అన్నాడు. మేం బ్రాహ్మణులం, తోలు ముట్టం అన్నారు. పంతుళ్ల చేతికి కర్రలిచ్చి పిల్లల్ని మైదానంలోకి తోలించి ఆడించాడాయన. ఆట మధ్యలో బంతి ఒక పిల్లవాడి ముఖానికి తగిలింది. తోలు తగిలిన ముఖం! ఆట ఆగిపోయింది, ఏడుపులు. వాణ్ణి కాలువ దగ్గరికి తీసుకుపోయి ముఖం కడిగి తెచ్చి మళ్లీ ఆడారు. కర్రతో ఆడించడం నాకు నచ్చదు, అది వేరే మాట. అంటరాని వస్తువుగా వచ్చిన బంతి ఇవాళ తీపి జ్ఞాపకంగా మారింది. ఆ తోలు ఊనబెట్టిన చేతులు మాత్రం ఏ జ్ఞాపకంలోనూ లేవు.

ఒక్క చోట కనిపించాయి నాకు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తమిళ పేదింటి బిడ్డ. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు, జకార్తా బంగారు జట్టులో ఉన్నారు, 2023 ఫిబ్రవరిలో పోయారు. తన మొదటి ఫుట్‌బాల్ బూట్ల గురించి ఆయనే చెప్పుకున్నారు. కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకుపోతే, రెండు రూపాయలకు వాటిని ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి ఇచ్చాడట. బలరాం గురించి రాసేవాళ్లు ఆ రెండు రూపాయలు రాస్తారు, ఆయన పేదరికం రాస్తారు. పోలీసు బూటును విప్పి, అడుగు మార్చి, మేకులు కొట్టి ఆడే బూటుగా చేయడం ఎంత పనో ఎవరూ రాయలేదు. ఆ బూట్లు చేసినాయన పేరు నాకు ఎక్కడా దొరకలేదు.

అది ఎంత పనో నాకు చెప్పింది మా పెద్దనాయిన. రహీం సాబ్ పోయిన మరుసటి ఏడు ఊరు విడిచి సికింద్రాబాద్ వచ్చి, ఒక మైదానం గోడకు ఆనుకుని గోనెసంచి పరిచాడు. ఆట ఇంకా వేడి మీదే ఉంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా. బూట్ల అడుగున తోలు గుబ్బలు అరిగిపోతే కొత్తవి కోసి మేకులతో దిగ్గొట్టేవాడు. మేకు అర అంగుళం ఎక్కువ దిగితే ఆటగాడి అరికాలు పోయినట్టే. బంతి కుట్టు విడిపోతే లోపలి బ్లాడరుకు తగలకుండా మళ్లీ కుట్టేవాడు.

ఆయనకూ ఆ రోజుల మీద బెంగ ఉంది. నేను ఎగతాళి చేయలేని బెంగ అదొక్కటే. "ఊళ్లె చెప్పులు చంకల పెట్టుకున్నోణ్ణి బిడ్డా. ఈడ ఆడేటోళ్లు నా సంచి మీద నా పక్కనే కూసునేటోళ్లు. పోలీసోళ్లు, సాయబులు, అరవోళ్లు. ఒక చాయ తెప్పిచ్చి సాసర్ల సగం పోసి నాకిచ్చేటోళ్లు" అంటాడు. ఒకే చాయ. అది ఆయన స్వర్ణయుగం. నగరంలో కులం లేదని నేను అనడం లేదు. అదే పెద్దనాయినకు అద్దె ఇల్లు దొరకడానికి ఎన్ని గడపలు ఎక్కి దిగాల్సి వచ్చిందో ఆయనే చెప్తాడు. కానీ ఆ గోడ పక్కన మాత్రం చాయ సాసరు ఆయన చేతిలోకి వచ్చింది.

ఆ ఆటను నిలబెట్టింది ఏమిటని అడిగితే అభిమానులు ప్రతిభ అంటారు, రహీం సాబ్ అంటారు. ఎడమ కాలితో మాత్రమే ఆడే పోటీలు, బంతిని ఒక్క తాకుతోనే పంపించే ఆట, అవన్నీ ఆయన నేర్పినవే, ఒప్పుకుంటాను. దాని కింద ఇంకొకటి ఉంది: ఉద్యోగం. ఆడేవాడికి పోలీసు శాఖలో కొలువు, నెల జీతం. పాతబస్తీ ముస్లిం పిల్లలు, కంటోన్మెంటు పక్క వాడల పేద తమిళ పిల్లలు ఆ జీతం చూసుకుని ఆడారు. ఆటతో వచ్చే కొలువులు తగ్గాయి, వాడల పక్క ఖాళీ జాగాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిస్తే ఆ రోజులు తిరిగొచ్చాయని రాసుకున్నాం. నేనూ రాశాను. 2025లో ఆ జట్టును మూటగట్టి ఢిల్లీ తరలించేశారు. ఊరి పేరు కూడా మిగల్లేదు.

తోలు బంతి కూడా పోయింది. 1970 ప్రపంచ కప్‌లో ముప్పై రెండు ముక్కల నలుపు తెలుపు బంతి, చేత్తో కుట్టింది. 1986 నాటికి ప్రపంచ కప్ బంతిలో తోలే లేదు. 2006లో వేడితో ముక్కల్ని అతికించిన బంతి వచ్చింది, దానికి సూదితో పని లేదు. చవక బంతుల్ని కుట్టే పని మాత్రం జలంధర్ బస్తీల్లో మిగిలింది. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చిన మేఘ్ కులస్థులు, ఇతర దళిత కుటుంబాల ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని, బంతికింత అని లెక్కగట్టి కుడతారు. మీ పిల్లలు వీధిలో తన్నే బంతి ఇంకా ఎవరో ఒక అక్క కుట్టిందే కావచ్చు.

పోయిన పండక్కి వెళ్లినప్పుడు పెద్దనాయినను అడిగాను, నువ్వు చూసిన వాటిలో గొప్ప గోలు ఏదని. నవ్వాడు. ఆయన ఒక్క ఆట కూడా చూడలేదట. గోడ వీపు వెనక ఉండేది, ముఖం రోడ్డు వైపు. అరుపును బట్టి గోలు పడిందని తెలుసుకునేవాడు. ఆట అయ్యాక బూట్లు వచ్చేవి.

"మరి ఎవరు బాగా ఆడేటోళ్లు?"

"ఒకాయన ఉండె. ఎడమ కాలు బొటనేలు వంకర. ఆయన బూటు లోపల మేకతోలు మెత్తగ కొట్టి ఏసిన. ఆయన ఆడిన దినం లోపల అరుపులు ఆగకపోయేది."

"ఆయన పేరేంది పెద్దనాయినా?"

"పేరు నాకెట్ల ఎరుక బిడ్డా. ఏడో నంబరు కాలు. ఎడమది జర పెద్దది."