చెంచా చప్పుడు, మన ఎరుక

2017లో అమెరికాలో 'గెట్ అవుట్' అని ఒక హారర్ సినిమా వచ్చింది. తీసినాయన జోర్డాన్ పీల్. అంతకుముందు టీవీలో జనాన్ని నవ్వించే పని చేసేవాడు. ఈ సినిమా రాసినందుకు 2018లో ఆయనకి ఆస్కార్ వచ్చింది. సొంత కథతో రాసిన స్క్రీన్‌ప్లేకి ఇచ్చే ఆ బహుమతి ఒక నల్లజాతి రచయితకి దక్కడం అదే మొదటిసారి. ఇందులో దెయ్యం లేదు, పాడుబడ్డ బంగళా లేదు, గజ్జెల చప్పుడు లేదు. అయినా మన గిరిజన పిల్లలూ, వాళ్ళకి చదువు చెప్పే మాస్టార్లూ ఒకసారి చూడాల్సిన సినిమా అంటాను.

క్రిస్ అనే నల్లజాతి కుర్రాడు ఫొటోలు తీస్తుంటాడు. తెల్లమ్మాయి రోజ్‌తో కలిసి వాళ్ళ అమ్మానాన్నల ఇంటికి వెళ్తాడు. వాళ్ళు చాలా మర్యాదస్తులు. తండ్రి పెద్ద డాక్టరు. వీలుంటే ఒబామాకి మూడోసారి కూడా ఓటేసేవాణ్ణంటాడు. తల్లి మానసిక వైద్యురాలు. సిగరెట్ అలవాటు మాన్పిస్తానన్న వంకతో రాత్రిపూట కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. టీ కప్పులో చెంచా తిప్పుతూ మాట కలుపుతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోడ్డు మీద బండి గుద్ది పడిపోయిన రాత్రి, అతను ఎవరికీ ఫోన్ చెయ్యకుండా టీవీ ముందు కూర్చుండిపోయాడు. ఆ పుండు ఎక్కడుందో ఆవిడ వెతికి పట్టుకుంటుంది. కుర్రాడికి కాళ్ళూ చేతులూ కదలవు. నేల లోపలికి, చీకట్లోకి జారిపోతాడు. ఎక్కడో పైన టీవీ తెరంత వెలుతురులో లోకం కనిపిస్తుంటుంది. అరుస్తాడు, గొంతు బయటికి రాదు. సినిమాలో దాన్ని 'సంకెన్ ప్లేస్' అంటారు. మునిగిపోయిన చోటు అనుకుందాం. ఆ ఇంటివాళ్ళ అసలు వ్యాపారం తర్వాత తెలుస్తుంది. నల్లవాళ్ళ ఒంట్లోకి ముసలి తెల్లవాళ్ళ మెదడు మారుస్తారు. ఒళ్ళు మనది, నడిపేది వాళ్ళు.

హిప్నాటిజం అనగానే మన తెలుగువాళ్ళకి బి.వి. పట్టాభిరాం గారు గుర్తొస్తారు. ఇందులో మంత్రమూ లేదు, వశీకరణమూ లేదు, ఇది మనసుకి సంబంధించిన విద్య అని ఆయన ఎన్నో వేదికల మీద చేసి చూపించారు. నిజమే. ధ్యాసంతా ఒకచోటికి చేరినప్పుడు, నమ్మకమున్న మనిషి చెప్పే సూచన మనసులోకి తొందరగా దిగుతుంది. జరిగేది అంతే. ఒక్క రాత్రిలో ఎవర్నీ బానిసని చెయ్యలేరు. సినిమాలో చూపించింది కల్పన. కానీ అదే సూచనని రోజూ, ఇరవై ఏళ్ళపాటు, మంచివాళ్ళ నోటి నుంచి వింటే? అది కల్పన కాదు. మనలో చాలామందికి అది బతుకు.

నేను ఎరుకల కులస్థుణ్ణి. మా వాళ్ళు కొత్తపేట దగ్గర కాలవ గట్టున బుట్టలు అల్లుకుని బతికారు. ఇప్పుడు రాజోలు వైపు ఒక స్కూల్లో సోషల్ చెబుతున్నాను. కోనసీమలో తిట్టు కూడా 'అండీ' చేర్చుకుని వస్తుంది. మర్యాదకి ఇక్కడ కరువు లేదు. "ఆయ్, మీరు ఎస్టీయాండీ? అస్సలు అలా కనపడరండీ!" అంటారు మెచ్చుకుంటున్నట్టు. "మీవాళ్ళకి చేతబడులు అవీ బాగా వచ్చంటగదండీ," అంటారు నవ్వుతూ. "మీకేంటండీ, రిజర్వేషనుంది," అంటారు సొంత మనిషిలా. సినిమాలో విందుకొచ్చిన పెద్దమనుషులు క్రిస్ చుట్టూ చేరి కండలు తడిమి చూసే ఘట్టం ఉంది. అది చూస్తున్నప్పుడు నాకు ఈ మాటలే వినపడ్డాయి. ఒక్కోటి ఒక్కో చెంచా చప్పుడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేం.

ఆ మర్యాద కింద ఏముందో ఒక్కోసారి పైకి తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. కొబ్బరిచెట్ల నీడ అప్పుడూ అంతే చల్లగా ఉంది.

ఒళ్ళు తడిమి చూడటం మనకీ కొత్త కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ నూరేళ్ళ కిందట కొలబద్దలు పట్టుకుని దక్షిణాది జాతుల తలలూ ముక్కులూ కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చయ్యాయి. అందులో ఎరుకలా, యానాదీ, కోయా అందరూ ఉన్నారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజ్యానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ ఇంకా ఏమీ చెయ్యకముందే దొంగ అయిపోయాడు. పోలీసుస్టేషన్లో హాజరు, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. కానీ చట్టం రద్దయినంత తేలిగ్గా సూచన రద్దు కాదు.

మా నాయనమ్మ ఎరుక చెప్పేది. చేటలో బియ్యం పోయించుకుని, చేతిలో చిన్న కర్ర ఆడిస్తూ, ఒక వరసలో మాట్లాడేది. వినే ఇల్లాలికి కళ్ళు సగం మూతలు పడేవి. అదీ ఒకరకం హిప్నాటిజమే అనుకోండి. కానీ తేడా ఉంది. ఆ ఇల్లాలి దిగులు ఎక్కడుందో నాయనమ్మ కూడా పట్టుకునేది, పట్టుకుని దాని మీద చెయ్యి వేసేది. అత్తారింటి బాధ ఇంకెవరికీ చెప్పుకోలేని ఆడవాళ్ళు ఆవిడ ముందు ఏడ్చి తేలికపడేవాళ్ళు. తమ గుట్టంతా చెప్పుకున్న ఆ ఇళ్ళల్లోనే ఆమెకి మంచినీళ్ళు దోసిట్లో పోసేవారు. బిందె కనపడకపోతే ముందు మా గుడిసె వెతికేవారు. అక్కడ వశమైంది ఎవరు, వశం చేసుకున్నది ఎవరు?

ఈ సూచన పిల్లల మీద ఎలా పనిచేస్తుందో లెక్కతో సహా చూపించినవాళ్ళున్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు. పై కులాల వాళ్ళు 321 మంది, దళిత పిల్లలు 321 మంది. కాగితం మీద గజిబిజి దారుల ఆట, దారి కనుక్కున్నకొద్దీ డబ్బులు. కులం ఊసెత్తనప్పుడు రెండు జట్లూ సమానంగా చేశాయి. తర్వాత ఇంకొన్ని జట్లలో ఆట మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా ఒక్కొక్కరి పేరు, ఊరు, కులం చదివారు. అంతే. దళిత పిల్లలు కనుక్కున్న దారులు గణనీయంగా తగ్గిపోయాయి. మెదడు మారలేదు, ఆట మారలేదు. ఒక మాట బయటికి చదివారు, పిల్లాడు మునిగిపోయాడు. 2004లో ప్రపంచ బ్యాంకు ఈ అధ్యయనాన్ని ప్రచురించింది.

నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఏటా స్కాలర్‌షిప్పుల రోజున "ఎస్టీలు నిలబడండి" అనేవారు. తొంభై మందిలో ముగ్గురం నిలబడేవాళ్ళం. మారేడుమిల్లి వైపు నుంచి వచ్చి అమలాపురంలో చదువుకుంటున్న కొండరెడ్డి కుర్రాడొకడు ఈమధ్య నాతో అన్నాడు: "జవాబు తెలుసు సార్. లోపల చెప్పేస్తాను కూడా. నోట్లోంచి రాదు." వాడు ఆ సినిమా చూడలేదు. మునిగిపోయిన చోటు మాత్రం వాడికి తెలుసు.

మరి బయటపడేదెలా? సినిమాలో మూడు పనులు జరుగుతాయి. ఒకటి, సెల్‌ఫోను ఫ్లాష్ వెలిగితే వశమైన మనిషికి క్షణంపాటు తెలివొచ్చి, పారిపొమ్మని అరుస్తాడు. రెండు, కట్టిపడేసిన కుర్చీలోంచి క్రిస్ పత్తి పీకి చెవుల్లో పెట్టుకుంటాడు. తాతలు బానిసలై ఏరిన పత్తే మనవణ్ణి కాపాడింది. మూడు, అతని స్నేహితుడు రాడ్ వెతుక్కుంటూ వస్తాడు. చివర్లో పోలీసు లైట్లలాంటివి వెలుగుతాయి. చూసేవాడి గుండె జారిపోతుంది, బాధితుణ్ణే పట్టుకుపోతారని. పీల్ మొదట అలాగే, క్రిస్‌ని జైల్లో పెట్టినట్టే తీశాడు. తర్వాత మార్చి స్నేహితుణ్ణి పంపించాడు. పోలీసు లైటు చూసి గుండె జారడమంటే ఏమిటో మా పేటలో వేరే చెప్పక్కర్లేదు.

మాస్టార్లకి నా మనవి చిన్నది. జాబితాలు బయటికి చదవకండి, పిల్లాణ్ణి పక్కకి పిలిచి సంతకం పెట్టించుకోండి. "మీ ఏజెన్సీవాళ్ళు," "మీ అడవివాళ్ళు" అని మాట మొదలుపెట్టకండి. నోరు పెగలని పిల్లాడికి ఇంకో నిమిషం ఇవ్వండి. ఆ నిమిషంలో వాడు చాలా లోతునుంచి పైకి రావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పేది ఇంకొకటి. లోపల మీకు వినిపించే "నీ వల్ల కాదు" అన్న గొంతు మీది కాదు. అది ఎప్పుడు, ఎవరి నోటినుంచి మీలోకి వచ్చిందో గుర్తుచేసుకోండి, ఒక కాగితం మీద రాయండి, పక్కవాడికి చెప్పండి. పక్కవాడు చెబితే వినండి. ఒకరికొకరు రాడ్‌లా వెళ్ళండి. మన దగ్గర పత్తి లేకపోయినా ఒక మాట ఉంది. ఎరుక అంటే జోస్యం మాత్రమే కాదు, తెలిసి ఉండటం. చెంచా చప్పుడు వినిపిస్తున్నప్పుడు అది చెంచా చప్పుడేనని తెలిసినవాణ్ణి ముంచడం కష్టం.