ఒక రాత్రి లెక్క

యోసెమిటీ లోయలోని క్యాంపుగ్రౌండ్లలో బండికి కరెంటు పెట్టుకునే ప్లగ్గు ఉండదు. జనరేటర్ వేసుకోవచ్చు గానీ వాళ్లు చెప్పిన వేళల్లోనే. చీకటి పడ్డాక క్యాంపర్‌లో లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్, హీటర్ ఫ్యాను అన్నిటినీ మోసేది హౌస్ బ్యాటరీ ఒక్కటే. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఇది వేరు. సెలవులొస్తే పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కించుకుని బయల్దేరే అమెరికాలోని తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "పాత బ్యాటరీ తీసేసి లిథియం వేయించమంటారా?"

ముందు ఒక రాత్రి లెక్క రాయండి అంటాను నేను. పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ తిరిగినప్పుడు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. అది ఆగుతూ, తిరుగుతూ రోజుకు నలభై ఆంపియర్-అవర్ల దాకా తింటుంది. గ్యాస్ హీటరే కదా, కరెంటెందుకు అనుకుంటాం. దాని ఫ్యానుకే ఏడు ఆంపియర్లు కావాలి. చలిరాత్రి సగంసేపు తిరిగినా తెల్లారేసరికి పాతిక పైన అయిపోతాయి. లైట్లకు, పంపుకు, ఫోన్లకు ఇంకో పది. మొత్తం డెబ్బై అయిదు, ఎనభై. బ్యాటరీ మీద 100 అని రాసి ఉన్నా, లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడకూడదు. పదే పదే అడుగంటా వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అంటే చేతికొచ్చేది యాభై. అదే ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైతే, హీటర్ అక్కర్లేని వేసవి రాత్రయితే, ఆ పాత బ్యాటరీయే హాయిగా సరిపోతుంది.

మన వంటింటి లెక్క ఇంకొకటుంది. ఇన్వర్టర్ మీద 750 వాట్ల మిక్సీలో కొబ్బరి పచ్చడి రుబ్బితే రెండు నిమిషాల్లో ఖర్చయ్యేది పాతిక వాట్-అవర్లే. కానీ ఆ రెండు నిమిషాలూ బ్యాటరీ నుంచి డెబ్బై ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలో వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది, ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది. బ్యాటరీ ఖాళీ అయిందని కాదు, అంత జోరుగా ఇవ్వలేకపోయిందని. రైస్ కుక్కర్ లాగేది ఇంతకంటే తక్కువే గానీ అరగంట పాటు లాగుతుంది, 250 వాట్-అవర్ల దాకా తింటుంది. అన్నం కుక్కర్‌లో వండుకోవాలా, గ్యాస్ మీద వార్చుకోవాలా అన్నది తేల్చుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

లిథియం గొప్పతనం ఇక్కడే. నేడు క్యాంపర్లలో వేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో దాని గురించి ప్రచురించిన పరిశోధన పత్రం మీద శాస్త్రవేత్త జాన్ గుడినఫ్‌తో పాటు పాఢి, నంజుండస్వామి అన్న మనదేశపు పేర్లున్నాయి. ఈ రకం బ్యాటరీ దాదాపు పూర్తి కెపాసిటీ ఇస్తుంది, బరువు లెడ్ యాసిడ్‌లో సగం కూడా ఉండదు, వేల సార్లు ఛార్జింగుకు నిలుస్తుంది, చివరికొచ్చేదాకా వోల్టేజీ పెద్దగా కుంగదు.

అయితే గాదె పెద్దదైనంత మాత్రాన పంట పెరగదు. పైకప్పు మీది 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు యాభై, అరవై ఆంపియర్-అవర్లు ఇస్తుంది. పైన్ చెట్ల నీడలో ఆపితే అందులో సగం కూడా రాదు. పాత ఛార్జర్ లిథియంను పూర్తిగా నింపలేకపోవచ్చు. ఇంజను ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే లిథియం బ్యాటరీ అదిచ్చినంతా గుంజుకుని ఆల్టర్నేటర్‌నే వేడెక్కిస్తుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించాలి. ఈ ఖర్చులన్నీ బ్యాటరీ ధరలో కలిపి చూసుకోవాలి. చలి సంగతీ మరువకూడదు. బ్రైస్ క్యాన్యన్ అంచు 2,400 మీటర్లకు పైన ఉంటుంది, అక్టోబరు రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి. లిథియం బ్యాటరీ సెల్ సున్నా డిగ్రీలకు దిగువన ఉండగా ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని పాడైపోతుంది. అందుకే చలిలో ఛార్జింగ్ ఆపే రక్షణ ఉన్నది కొనాలి, వీలైతే బండి లోపల వెచ్చగా ఉండేచోట బిగించాలి.

కాబట్టి నా మాట ఇది. ప్రతి రాత్రీ ప్లగ్గు ఉన్న క్యాంపుగ్రౌండ్‌లోనే దిగేవాళ్లు, పాత బ్యాటరీ నిలబడుతుంటే దాన్నే వాడుకోండి. వరసగా రెండు మూడు రాత్రులు ప్లగ్గు లేనిచోట గడిపేవాళ్లు, కరెంటు మీదే వండుకునేవాళ్లు లిథియంకు మారండి, ఛార్జింగ్ ఏర్పాటుతో సహా. ఎవరైనా సరే, ముందు ఒక షంట్ మీటర్ బిగించుకుని ఒక ప్రయాణం చేసి రండి. ఎంత వాడామో, ఎంత నిండిందో అది చూపిస్తుంది. ఆ అంకెలు చేతిలో పెట్టుకుని కొట్టుకు వెళ్లండి.