ముందు గదిని వినండి

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఒకటో రెండో కొత్త ఇళ్లు లేస్తూ కనిపిస్తాయి. గృహప్రవేశమైన కొన్నాళ్లకు హాలు గోడకు టీవీ ఎక్కుతుంది. ఆ వెనకే పాట మీదికి మనసు పోతుంది. "40, 50 వేలల్ల మంచి సౌండ్ సిస్టం ఏదొస్తదో జర చెప్పుర్రి" అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. పాట కోసం డబ్బు తీసిపెట్టిన మనిషి, కాసేపు కూర్చుని వినడానికి తీరిక కూడా చేసుకుంటాడని నా ఆశ. అందుకే కంపెనీ పేరు చెప్పి పంపెయ్యను. గది పొడవు వెడల్పులెంత, కింద ఏ బండలు పరిచారు, గోడలకు ఏముంది అని అడుగుతాను. దుకాణంలో మనం చూసేది పెట్టెలనే. ఇంటికొచ్చాక వినేది మాత్రం పెట్టెనూ గదినీ కలిపి.

పాట వినేవాళ్లకు ఈ ప్రాంతం ఇచ్చిన గొప్ప ఆస్తి నిశ్శబ్దం. 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. ఆ నీళ్లను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో చుట్టూ ఉన్న 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. దానివల్ల తమ భూములకు ధర రాలేదని బాధపడ్డ రైతులు చాలామంది. జీవోను ఎత్తివేస్తున్నట్టు 2023లో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది కూడా. ఆ వాదాలు ఎలా ఉన్నా, ఇన్నేళ్లూ ఈ ఊళ్లు ఊళ్లుగా మిగిలాయి. మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు మీద లారీల మోత ఉంటుంది. రోడ్డు దిగి కనకమామిడి వైపో ఆలూరు వైపో లోపలికి పోతే, పొద్దుగూకిన తర్వాత కీచురాళ్లు, ఎక్కడో ఒక బోరు మోటారు, అంతే.

ఈ నిశ్శబ్దానికి డబ్బులో విలువ కట్టవచ్చు. స్పీకర్ మూడు డెసిబెల్స్ ఎక్కువ మోగాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. పది డెసిబెల్స్ కావాలంటే పది రెట్లు. అంటే ఇంటి చుట్టూ రొద పది డెసిబెల్స్ తక్కువున్న చోట, అదే పాటను అంతే తేటగా వినడానికి పదో వంతు వాట్లు చాలు. మెహదీపట్నంలో రోడ్డు పక్క ఫ్లాట్‌లో ఉండే బంధువు కొన్నంత పెద్ద మిషన్ మీకు అక్కర్లేదు. ఆ మిగులు మంచి స్పీకర్ల మీద పెట్టుకోవచ్చు.

వాట్ల సంగతి వచ్చింది కాబట్టి, అట్టపెట్టె మీద రాసే అంకెల గురించి కూడా చెప్పాలి. 10,000 వాట్స్ పి.ఎం.పి.ఓ. అని మెరిసే అక్షరాలతో అచ్చువేసిన హోం థియేటర్లు బజారులో ఎన్నో ఉన్నాయి. మన ఇంటి గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. దాన్ని 230 వోల్టులతో గుణిస్తే వచ్చేది 1,380 వాట్లు. గోడ ఇచ్చేదే అంతయినప్పుడు డబ్బాలోంచి నిలకడగా పదివేలు ఎలా వస్తాయి? పి.ఎం.పి.ఓ. అంకెను కొట్టేసి, నిలకడగా వచ్చే వాట్లను చెప్పే ఆర్.ఎం.ఎస్. అంకెను అడగండి. ఛానెల్‌కు 40 నుంచి 60 వాట్స్ ఆర్.ఎం.ఎస్. ఉన్న ఆంప్లిఫయర్ మన హాలుకు దండి. మామూలు చిన్న స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో 86, 87 డెసిబెల్స్ మోగుతుంది. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. రోజూ వినేది ఆ ఒకటి రెండు వాట్లలోనే. మృదంగం మీద పడే ఒక్క గట్టి దెబ్బ చిట్లిపోకుండా రావడానికే తక్కినవి.

ఇక గది. సామాను సర్దకముందు హాలు మధ్యన నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు వెంటనే ఆగిపోతే అదృష్టం. గోడల మధ్య సన్నగా గింగురుమంటూ తిరిగితే, ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా ఆ గింగురు ప్రతి పాటలోనూ కలుస్తుంది. పాత ఇళ్లలో ఈ ఇబ్బంది ఇంత లేదు. మట్టిగోడ, దూలాలు, కింద తాండూరు బండ ఉన్నా దాని మీద మంచాలు, బొంతలు, మూలకు వడ్ల బస్తాలు. ధ్వనిని తాగే సరుకు ఇంటినిండా ఉండేది. ఇప్పుడు పైన స్లాబు, కింద నున్నని టైల్స్, పుట్టీ పెట్టిన గోడ, పెద్ద అద్దాల కిటికీ. ఎటు చూసినా ధ్వనిని తిప్పికొట్టేవే.

దీని లెక్క తేల్చినవాడు వాలెస్ సబీన్ అనే అమెరికా ఫిజిక్స్ మాస్టారు. హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదని 1895లో ఆయనకు పని అప్పగించారు. మాట ఆగాక అయిదున్నర సెకన్ల దాకా అక్కడ ప్రతిధ్వని మిగిలేది. రాత్రిపూట పక్క థియేటర్‌లోని మెత్తటి సీట్లు మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, ఎన్ని మెత్తలకు ధ్వని ఎంత తొందరగా ఆగుతుందో కొలిచాడు. ఆ సూత్రమే నేటికీ వాడుతున్నారు. దాని ప్రకారం 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఖాళీ కాంక్రీటు గదిలో ధ్వని ఆగడానికి రెండు సెకన్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పాట హాయిగా వినాలంటే అది అర సెకను దగ్గరికి దిగాలి.

మా మేనల్లుడు మొయినాబాద్ దగ్గర ఇల్లు కట్టి, మంచి స్పీకర్ల జత కొని, ఘంటసాల పాటలో మాటలు తెలుస్తలేవని దిగులు పెట్టుకున్నాడు. ఎదురు గోడకు రెండు గొంగళ్లు వేలాడదీశాం, గోడకు ఆనకుండా మూడు అంగుళాల సందు వదిలి. ఆ సందువల్ల ఉన్ని ఇంకొంచెం మంద్ర స్వరాలను కూడా పట్టుకుంటుంది. కింద జంపఖానా పరిచి, కిటికీకి బరువైన పరదా, పక్క గోడకు పుస్తకాల బీరువా. మళ్లీ అదే పాట పెడితే వాడు స్పీకర్ల వైపు తిరిగి, "మామా, డబ్బాలు మార్చినవా ఏంది?" అన్నాడు. డబ్బాలు అవే. గొంగడి ఈ నేల మీద మేసిన దక్కని గొర్రె ఉన్నితో కురుమలు నేసే బట్ట. వానకు, చలికి కప్పుకునే ఆ గరుకు ఉన్ని, ధ్వనిని పట్టడంలో విదేశీ ఫోము పలకలకు తీసిపోదు. గోడ మీద చూడడానికీ అందంగా ఉంటుంది.

గొంగడికి లొంగనిది ఒకటుంది, అడుగు స్వరం, అంటే బేస్. గది పన్నెండు అడుగులైతే, ఇరవై నాలుగు అడుగుల అలలో సగం అందులో సరిగ్గా ఇమిడి, గోడల మధ్య ఉయ్యాలలా నిలిచిపోతుంది. దాని స్వరం 47 హెర్ట్జ్ దగ్గర. గది 12 అడుగుల చతురస్రమైతే రెండు వైపులా అదే స్వరం ఉబ్బి, డోలు ప్రతి దెబ్బా ఒకే బుమ్మనే చప్పుడవుతుంది. పొడవు వెడల్పులు వేరుగా ఉన్న గదిలో పెట్టుకోవడం మేలు. స్పీకర్లను మూలల్లోకి తోయకుండా, వెనక గోడకు అడుగు, అడుగున్నర ఎడంగా జరపండి. ఒక్కో జానెడు జరిపి వినండి. ఇది పైసా ఖర్చులేని పని. నా మట్టుకు, సిస్టం పెట్టడంలో ఇంతకంటే ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు.

ఏం కొనాలి మరి? మొదటిసారి కొనేవాళ్లు అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్ వైపు చూస్తారు. అదే డబ్బు ఆరు పెట్టెలకు పంచితే ఒక్కో దానికి వచ్చేది కొంచెమే. రెండే పెట్టెలకు పెడితే ఆ రెండూ నిజాయితీగా పాడతాయి. 50 వేలుంటే 25 వేల దాకా బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జతకు, 17, 18 వేలు ఆంప్లిఫయర్‌కు, మిగిలింది వైర్లకు, స్టాండ్లకు, పరదాలకు. ఇంకా తక్కువ ఉంటే, ఆంప్లిఫయర్ లోపలే ఉన్న పవర్డ్ స్పీకర్ల జత సరిపోతుంది. ఫోను నుంచి బ్లూటూత్‌తో పాట పంపవచ్చు. పాటల యాప్‌లో నాణ్యతను ఎక్కువకు పెట్టుకోవడం మరవకండి.

కొనేది ఆన్‌లైన్లోనే అయినా, ఒకసారి చేవెళ్ల బస్సెక్కి పట్నం పోయి చెవితో విని రండి. కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, విడి భాగాలు వరసగా దొరుకుతాయి. రెండు జతలు పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానంగా ఉందో లేదో చూసుకోండి. కొంచెం గట్టిగా మోగినదే మంచిదని మన చెవి ఒప్పుకుంటుంది, అది మనిషి చెవికి సహజం. స్పీకర్ కోన్ అంచు ఫోముదా రబ్బరుదా అని అడగండి. మన వేడికి ఫోము కొన్నేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు నిలుస్తుంది. షాపువాళ్లు వేసే తళుకు పాటలతో తేల్చుకోవద్దు. మీకు కంఠతా వచ్చిన పాటలు పట్టుకుపోండి.

నేను తీసుకెళ్లేవి మూడు. మొదటిది 1974లో మనల్ని విడిచిపోయిన ఘంటసాల భగవద్గీత. ఆ గొంతు రెండు స్పీకర్ల నడుమ, ఖాళీ చోట నిలబడి పలకాలి. శ, ష, స మూడూ మూడుగా వినబడాలి. చప్పుడు చేసే పెట్టెలు ఆ మూడింటినీ ఒకే ఈలగా మార్చేస్తాయి. రెండోది 1980 ప్రాంతంలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల. చిలుకూరు బాలాజీ ఉన్న మండలంలో ఈ అన్నమయ్య కీర్తనలు వినిపించని ఇల్లు అరుదు. అందులో గొంతు వెనక తంబుర శ్రుతి ఎడతెగకుండా వినిపిస్తోందా అని చూస్తాను. మూడోది 1980 నాటి శంకరాభరణం. మృదంగంలో కుడివైపు చాపు, ఎడమవైపు గుమికి విడివిడిగా తెలియాలి. ఈ మూడు పరీక్షలు నెగ్గిన పెట్టె కొత్త సినిమా పాటనూ బాగానే పాడుతుంది.

వైర్ల విషయంలో ఎవరూ మిమ్మల్ని భయపెట్టనక్కర్లేదు. ఇంటి కరెంటు పనికి వాడే 1.5 లేదా 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు ఇంత దూరాలకు చాలు. రెండు స్పీకర్లకూ ఒకే పొడవు కోయండి. కొసన అర అంగుళం తోలు తీసి, పోగులు గట్టిగా మెలిపెట్టి, ఎర్ర బిళ్ల కింద ఒకటి, నల్ల బిళ్ల కింద ఒకటి బిగించండి. ఒక పోగు కూడా అటూ ఇటూ తాకకూడదు. ఒక స్పీకర్‌కు ఎరుపు నలుపు తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అడుగు స్వరం మాయమై గొంతు గదిలో ఎక్కడుందో తెలియదు. అలా అనిపిస్తే మొదట చూడాల్సింది ఆ బిళ్లలనే. మన ఊళ్లలో చాలా ఇళ్లకు సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తింగు ఉండదు. ఆంప్లిఫయర్ గుయ్యిమనడానికి అదొక కారణం, షాకు కొట్టడానికీ అదే కారణం. పెరట్లో గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి సరిగ్గా ఎర్తింగు చేయించండి. వోల్టేజీ ఎగిరిపడే వీధి అయితే స్టెబిలైజర్ కూడా.

కొన్న తర్వాత చెవికి ఒక కొలత ఉండాలి. అది మన ఊళ్లోనే ఉంది. శనివారం గుడిలో భజన జరిగేటప్పుడు మైకు లేని మూల చూసుకుని కూర్చోండి. తాళాల గణగణ, హార్మోనియం ఊపిరి, ముసలాయన గొంతులోని జీర వినండి. బోనాల రోజు డప్పు దగ్గరగా నిలబడి వినండి. అసలు ధ్వనిని ఎరిగిన చెవిని ఏ దుకాణమూ మోసం చెయ్యలేదు.

ఇల్లు ఇంకా ప్లాన్ దశలో ఉన్నవాళ్లకు నాదొక విన్నపం. దేవుడి గదికి, వంటింటికి చోటు చూసుకున్నట్టే పాటకూ ఒక గోడ కేటాయించండి. ఆ గోడకు రెండు వైపులా ఎర్తింగున్న సాకెట్లు, ప్లాస్టరింగుకు ముందే వైర్లకు ఒక పైపు, ఎదురుగా నలుగురు కూర్చునే చోటు. ఆ పైపుకు అప్పుడైతే కొన్ని వందల ఖర్చు, ఇల్లు పూర్తయ్యాక గోడ పగలగొడితే వేలు. పెట్టెలు పదేళ్లకో పదిహేనేళ్లకో మారతాయి. గోడ మీతో ఉంటుంది, మీ పిల్లలతో ఉంటుంది, కాబట్టి మొదటి ఖర్చు దాని మీదే పెట్టండి.