21 పాయింట్ల తేడా



ఈ వారం ఒక ఆట సంగతి రాస్తున్నాము. క్రికెట్టు కాదు, కబడ్డీ కాదు. ఐర్లాండు వాళ్ల గేలిక్ ఫుట్‌బాల్. మన సండే స్కూల్లో పెరిగిన సహోదరి ఒకామె ఆ దేశంలో డ్రాహెడా అనే పట్టణంలో వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా పనిచేస్తోందని మీలో చాలామందికి తెలుసు. ఆ పట్టణం చాలావరకు లౌత్ కౌంటీలోనిది, దక్షిణపు అంచు మాత్రం మీత్ కౌంటీలోకి పోతుంది. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. అందుచేత ఆ ఆశ్రమంలో లౌత్ తాతలు, మీత్ తాతలు ఒకే హాలులో ఒకే టీవీ ముందు కూర్చుంటారు. వాళ్లకు మందులు ఇవ్వడం కంటే వాళ్ల తగవు తీర్చడం కష్టమని ఆమె ఫోనులో చెప్పి నవ్వుతుంది.

తగవు 2023 మే నెలది. లెన్‌స్టర్ అనే ప్రాంతానికి జరిగిన ఛాంపియన్‌షిప్ ఫైనల్లో డబ్లిన్, లౌత్ తలపడ్డాయి. డబ్లిన్ 5-21, లౌత్ 0-15. ఈ లెక్క మొదట మాకూ అర్థం కాలేదు. అక్కడి గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. 2023 నాటి నియమం ప్రకారం బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు ఇచ్చేవారు. కింద వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. గోళ్లు ముందు, పాయింట్లు తరువాత రాస్తారు. కాబట్టి డబ్లిన్‌కు 36, లౌత్‌కు 15. తేడా 21.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి. ఆ ఆటగాళ్లకు జీతం లేదు. లక్షల మంది చూసే ఆట అది, క్రోక్ పార్క్ అనే వాళ్ల పెద్ద మైదానంలో 82 వేల మంది పడతారు, అయినా ఆడేవాళ్లు బడి పంతుళ్లు, రైతులు, కరెంటు పనివాళ్లు, విద్యార్థులు. ఆదివారం 36 పాయింట్లు కొట్టించుకున్నవాడు సోమవారం పొద్దున పనికి పోవాలి. పైగా మన ఐపీఎల్ లాగా వేలంపాట పెట్టి ఆటగాళ్లను కొనుక్కోవడం కుదరదు. నీ కౌంటీ ఏదో ఆ కౌంటీకే ఆడతావు. అక్కడి క్లబ్బులు కూడా చాలావరకు ఒక్కొక్క చర్చి పరిధిలోని ఊళ్లను బట్టి ఏర్పడ్డవే. మనకు సంఘం ఎలాగో వాళ్లకు క్లబ్బు అలాగ.

అందుకే ఏకపక్షంగా సాగిన ఆట వాళ్లను అంతగా కలవరపెడుతుంది. ఓడిన జట్టు వచ్చే ఏడాది మంచి ఆటగాణ్ణి తెచ్చుకుంటుందన్న ఆశ లేదు. 2022 జనాభా లెక్కల ప్రకారం డబ్లిన్‌లో 14 లక్షల 50 వేల పైచిలుకు జనం. లౌత్‌లో సుమారు 1 లక్షా 40 వేలు. లాంగ్‌ఫర్డ్ అనే ఇంకో కౌంటీలో దాదాపు 47 వేలు, మన మండలమంత. ఆ లాంగ్‌ఫర్డ్‌ను 2015లో డబ్లిన్ 4-25, 0-10 తేడాతో ఓడించింది. లెక్క మీరే కట్టుకోండి.

ఆశ్రమంలో వాదన ఇలా నడిచిందట. లౌత్ తాత ఒకాయన, మా పిల్లల్ని ఇలాంటి ఆటకు పంపడమే దుర్మార్గం, చిన్న జట్లకు వేరే పోటీ పెట్టండి అన్నాడు. పక్క కుర్చీలోని మీత్ తాత నవ్వాడు. నవ్వకు, 2020 ఫైనల్లో మీ మీత్ కూడా డబ్లిన్ చేతిలో సరిగ్గా 21 పాయింట్ల తేడాతోనే ఓడింది అన్నాడు లౌత్ తాత. అది నిజమే, 3-21, 0-9. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ ఇద్దరి మధ్య ఏ మాట మొదలైనా 2010కి పోతుంది. ఆ ఏడాది ఫైనల్లో లౌత్ ఒక్క పాయింటు ముందంజలో ఉండగా చివరి క్షణాల్లో మీత్ ఆటగాడు బంతిని గీత దాటించి చేసిన గోలు చెల్లనిదని టీవీలో అందరూ చూశారు. రిఫరీ మాత్రం ఇచ్చేశాడు. మళ్లీ ఆట పెట్టలేదు. కప్పు మీత్‌కు పోయింది. ఈ మాట రాగానే ఇద్దరిలో ఒకరి కుర్చీని కిటికీ దగ్గరికి జరపాల్సిందే.

వంటగదిలో పనిచేసే డబ్లిన్ ఆవిడ అందుకుందట. 1995 తరువాత 2011 దాకా మేము ఆల్ ఐర్లాండ్ కప్పు ముట్టలేదు, అప్పుడు మమ్మల్ని రెండు ముక్కలు చేయాలని ఎవరైనా అన్నారా, 2015 నుండి 2020 దాకా వరుసగా ఆరు గెలిచేసరికి జనాభా గుర్తొచ్చిందా అని. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు.

ఈ గొడవంతా చెప్పి మన సహోదరి మమ్మల్ని అడిగింది: “అయ్యగారూ, అంత తేడా వచ్చాక ఇంకా గోళ్లు కొట్టడం పాపం కాదా? కొంచెం తగ్గి ఆడితే ఏం పోయింది?”

కాదమ్మా అని చెప్పాము. ఇంతమంది పెద్దవాళ్లు ముచ్చెమటలు పోసి నీ ఎదుట పరుగెడుతుంటే నువ్వు ఆవలిస్తూ బంతి పక్కకు తన్నడం దయ కాదు. అది ఎగతాళి. చిన్నపిల్లాడితో చదరంగం ఆడేటప్పుడు తాతయ్య కావాలని ఓడిపోవచ్చు. పిల్లాడు పన్నెండేళ్లవాడైతే అది వాడికి తెలిసిపోతుంది, వాడు బల్ల మీద నుండి లేచిపోతాడు. బలమైనవాడు పూర్తి బలంతో ఆడడమే బలహీనుణ్ణి ఎదుటి మనిషిగా ఒప్పుకోవడం. 70 నిమిషాల ఆట 70 నిమిషాలూ ఆడాల్సిందే.

ఇలాంటి సందర్భం దొరికితే మా పాస్టర్లమందరం దావీదు గొల్యాతుల దగ్గరికి పరుగెడతాము. ఇక్కడ అది పనికిరాదని మా ఉద్దేశం. గొల్యాతుకు రాయి ఒక్కసారి తగిలితే చాలు. ఈ ఆటలో నలభయ్యో నిమిషంలో నువ్వు అద్భుతం చేసినా ఇంకా ముప్పై నిమిషాలు మిగిలే ఉంటాయి, అవతలివాళ్ల బెంచీ మీద నీ పదిహేను మంది కంటే బాగా ఆడేవాళ్లు కూర్చుని ఉంటారు. దావీదు కథే కావాలంటే సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయం తెరవండి. అమాలేకీయులను తరుముతూ బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి ఆరు వందల మందిలో రెండు వందల మంది అలసి వాగు దాటలేకపోయారు. సామాను దగ్గర ఉండిపోయారు. నాలుగు వందల మంది పోయి గెలిచి వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు, వీళ్లకు వాటా ఎందుకు, పెళ్లాం బిడ్డలను తీసుకుని పొమ్మనండి అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవాడికెంతో సామాను కాసినవాడికీ అంతే అని, దాన్ని ఇశ్రాయేలుకు కట్టడగా నియమించాడు.

మీరు చూడండి, దావీదు ఆ రెండు వందల మందితో “మీరూ పోరాడారు” అని అబద్ధం చెప్పలేదు. వాళ్లు అలసిపోయారన్నది అందరికీ తెలిసిన నిజం. ఆయన దయ పంపకంలో చూపాడు. ఐర్లాండు తగవులో కూడా అసలు ప్రశ్న అదే. డబ్లిన్ ఐదో గోలు కొట్టొచ్చా అన్నది చిన్న ప్రశ్న. ఆటను నడిపే సంస్థ ఎన్నో ఏళ్లపాటు అభివృద్ధి నిధుల్లో డబ్లిన్‌కు మిగతా కౌంటీలకంటే ఎంతో ఎక్కువ ఎందుకు ఇచ్చింది, జీతమిచ్చి పెట్టిన శిక్షకులు డబ్లిన్ క్లబ్బుల్లోనే ఎందుకు అంతమంది, డబ్లిన్ నడిబొడ్డున ఉన్న క్రోక్ పార్క్‌కే మిగతావాళ్లు ప్రతిసారీ ఎందుకు రావాలి అన్నవి పెద్ద ప్రశ్నలు. అభిమానులు మొదటిదాని మీదే గొంతు చించుకుంటారు, ఎందుకంటే అది టీవీలో కనబడుతుంది. పద్దుల పుస్తకం టీవీలో రాదు.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. మన సంఘం 38 కుటుంబాలు. ఇరవై కిలోమీటర్ల దూరంలో పట్టణంలో పెద్ద మందిరం, పెద్ద తెరలు, అరవై మంది క్వయరు. నిరుడు యౌవనస్థుల కూడికలో పాటల పోటీ అన్నప్పుడు మన పిల్లవాడొకడు, “అయ్యగారూ, చివర వస్తామని తెలిసి తెలిసీ ఎందుకు?” అన్నాడు. వెళ్లాము. చివరే వచ్చాము. పట్టణం క్వయరు తమ స్వరాలేమీ తగ్గించుకోలేదు, తగ్గించుకుని ఉంటే మాకు కోపం వచ్చేది. పోటీ అయ్యాక మాత్రం వాళ్ల కీబోర్డు మాస్టారు తానై వచ్చి, నెలకు రెండు శనివారాలు మన ఊరు వస్తానన్నాడు. వస్తున్నాడు కూడా, బస్సు ఛార్జీ కూడా తీసుకోడు. ఐదో గోలు కొట్టినవాడు చేయగల మేలు ఇలాంటిది.

మరి ఓడేవాళ్లు ఎందుకు నిలబడాలి? దీనికి క్లేర్ కౌంటీ సంగతి చెప్పాలి. 1979లో తమ సొంతగడ్డ మిల్‌టౌన్ మాల్బేలో కెర్రీ చేతిలో క్లేర్ 9-21, 1-9 తేడాతో ఓడింది. 36 పాయింట్లు. దాన్ని ఇప్పటికీ ఊచకోత అనే పేరుతోనే పిలుస్తారు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి పెద్ద జట్లయిన కెర్రీ, కార్క్ ఫైనల్లోనే ఎదురుపడేలా జతలు కూర్చేవారు. చిన్న కౌంటీలవాళ్లు, క్లేర్‌వాళ్లతో సహా, దాని మీద పోరాడి డ్రాను అందరికీ సమానంగా తెరిపించారు. తరువాత 1992 ఫైనల్లో అదే కెర్రీని క్లేర్ 2-10, 0-12 తేడాతో ఓడించింది. ఈ రాత్రి క్లేర్‌లో ఒక్క ఆవుకూ పాలు పితకరని వ్యాఖ్యాత అన్న మాట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లం కాబట్టి ఆ సంతోషం ఎంతటిదో మాకు బాగా తెలిసింది. కానీ ఒకటి మరచిపోవద్దు. క్లేర్ పట్టుదలతో నిలబడింది, నిజమే. డ్రా మారింది, అదీ నిజమే. రెండోది లేకుండా మొదటిదాని గురించే ప్రసంగాలు చేయడం మాకు ఇష్టం లేదు. పేదవాడికి ఓర్పు బోధించేవాడు ముందు తూకపురాళ్లు సరిచూడాలి.

లౌత్ సంగతికి వద్దాము. ఐర్లాండులో విస్తీర్ణంలో అన్నిటికంటే చిన్న కౌంటీ అది. 2021లో లీగులో అట్టడుగున నాలుగో డివిజనులో ఉండి, రెండేళ్లలో రెండో డివిజనుకు ఎక్కింది. అలా ఎక్కాకనే 2023 ఫైనల్లో ఆ 21 పాయింట్ల దెబ్బ తగిలింది. మరుసటి నెలలో కెర్రీ 28 పాయింట్ల తేడాతో కొట్టింది. ఆ ఏడాదే వాళ్లను పైకి తెచ్చిన కోచ్ వేరే కౌంటీకి వెళ్లిపోయాడు. లౌత్ తాత ఆ నెలంతా టీవీ పెట్టనివ్వలేదట. 2024లో మళ్లీ అదే ఫైనలు, అదే డబ్లిన్. ఈసారి తేడా నాలుగు. 2025లో ఫైనల్లో మీత్‌ను 3-14, 1-18 తేడాతో, అంటే రెండే పాయింట్లతో గెలిచి, 1957 తరువాత మొదటిసారి లెన్‌స్టర్ కప్పు ఎత్తింది. 68 ఏళ్లు.

హాలులో కన్నీళ్లు, కేకులు అయ్యాక మీత్ తాత నిదానంగా అన్నాడట, మీరు డబ్లిన్‌ను ఎక్కడ ఓడించారు, సెమీఫైనల్లో వాళ్లను ఇంటికి పంపింది మేము కదా అని. అదీ నిజమే. కుర్చీ మళ్లీ కిటికీ దగ్గరికి పోయింది.

లౌత్ గెలిచింది కాబట్టి ఈ కథ చెప్పడం తేలిక. విక్లో కౌంటీ లెన్‌స్టర్ కప్పు ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు. లాంగ్‌ఫర్డ్ గెలిచింది ఒకే ఒక్కసారి, 1968లో. ఇలాంటి జట్ల కోసమే 2022 నుండి టాల్చన్ కప్పు అని రెండో శ్రేణి పోటీ పెట్టారు. మొదట కొందరు దాన్ని అవమానమన్నారు. మా మట్టుకు అది మంచి పనే. తన సరిజోడుతో ఆడి గెలిచే ఆట మనిషికి ఉండాలి. అయితే ఆ కప్పు ఇచ్చామని చెప్పి లెన్‌స్టర్ తలుపు మూసేయాలన్న మాట కూడా కొందరు అభిమానులు ఎత్తుతున్నారు. దానికి మేము ఒప్పుకోము. మూయాలో వద్దో అడగవలసింది సోమవారం పనికి పోయే ఆ పదిహేను మందిని. ఇంతవరకు విక్లోవాళ్లు ప్రతి వసంతంలోనూ బూట్లు కట్టుకుని లెన్‌స్టర్ ఆటకు వస్తూనే ఉన్నారు.