ఖాళీ గడి

లండన్ తూర్పు భాగంలో ఒక కాలేజీలో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకి వర్క్ ప్లేస్‌మెంట్లు చూసిపెట్టడం నా ఉద్యోగం. ఇంగ్లండులో 2020లో టీ-లెవెల్స్ అని కొత్త చదువులు మొదలయ్యాయి. రెండేళ్ళ కోర్సు. అందులో కనీసం 315 గంటలు, అంటే సుమారు 45 రోజులు, నిజం ఆఫీసులోనో ఆస్పత్రిలోనో పనిచెయ్యాలి. అది పూర్తికాకపోతే పరీక్షలన్నీ పాసైనా సర్టిఫికెట్ చేతికి రాదు. మన దగ్గర ఇంజనీరింగు ఆఖరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికేది. ఇక్కడ ఆ పప్పులేం ఉడకవు.

ముందు పిల్లలకి ఒక ఫారం ఇస్తాం. అందులో "నీకున్న నైపుణ్యాలు" అని ఓ గడి ఉంటుంది. కొందరు "కష్టపడతాను" అని రాసి ఊరుకుంటారు. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. మన పిల్లలైతే మరీను. మార్కులు తప్ప చెప్పుకోదగ్గదేదీ లేదని ఇంట్లో నేర్పి పంపుతాం కదా! అందుకే నేను ఫారం పక్కనపెట్టి, "మొన్న శనివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో వరసగా చెప్పు" అంటాను. నాన్న కొట్లో ఏ సరుకు ఎన్నాళ్ళకి నిండుకుంటుందో నోటికి చెప్పే కుర్రాడు అలాగే బయటపడ్డాడు. ఆస్పత్రి స్టోర్సులో వాణ్ణి వదలమన్నారు.

ఒక తెలుగమ్మాయి సంగతి మాత్రం అంత సులువుగా తేలలేదు. వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాయనమ్మకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. తొమ్మిదో ఏటినుంచీ డాక్టరు దగ్గర నాయనమ్మకి నోరూ చెవీ ఈ పిల్లే. మా సహోద్యోగి వినగానే, "ఇంకేం, ఆస్పత్రి రిసెప్షన్!" అంది. పిల్ల తల ఊపింది. ఆ ఊపడంలో ఏదో తేడాగా అనిపించి, తెలుగులో అడిగాను.

"నీకు ఆస్పత్రి ఇష్టమేనా?"

"అమ్మో, వద్దు ఆంటీ!" కాలేజీలో నన్ను మిస్ అనే పిల్ల, తెలుగులోకి రాగానే ఆంటీ అనేసింది.

చేతనైన పనీ, చెయ్యాలనుకునే పనీ ఒకటే కానక్కర్లేదు. బరువు మొయ్యగలదు కదా అని ఇంకో మూట ఎత్తితే ఎలా? ఇంకా మాట్లాడిస్తే, ఆ ఇంటి ఫ్రిజ్ మీద ఒక చార్టు ఉందని తెలిసింది. ఏ మాత్ర ఎప్పుడు, ఏ అపాయింటుమెంటు ఎక్కడ, ఏ ఉత్తరానికి జవాబు బాకీ, అన్నీ రంగులవారీగా. దాని గురించి చెప్పేటప్పుడు పిల్ల మొహం వెలిగింది. ఫోన్లో ఫొటో కూడా చూపించింది. ఆ ఫొటోతోనే ఒక ఉచిత న్యాయసలహా కేంద్రంలో ఇంటర్వ్యూకి వెళ్ళి, ఫైళ్ళ విభాగంలో చోటు తెచ్చుకుంది.

సాయంత్రం వాళ్ళ నాన్న ఫోను. "అదేటి మేడమ్ గారూ, ఆస్పత్రయితే మా యమ్మకీ సాయంగా ఉండును గదా. మంగళవారాలు అమ్మని ఎవులు తీస్కెళ్తారు?"

కోప్పడాల్సిన మనిషి కాదు. రాత్రుళ్ళు డెలివరీ వ్యాను నడుపుతాడు. "మీరు తీసుకెళ్ళండి అన్నగారూ. ముందుగా ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఎన్.హెచ్.ఎస్.లో దానికి డబ్బు తీసుకోరు. అసలు అత్యవసరమైతే తప్ప పదహారేళ్ళలోపు పిల్లల చేత దుబాసీ పని చేయించకూడదని వాళ్ళ నిబంధనే" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "మాకెవులూ చెప్పలేదండి" అన్నాడు.

నెల తరవాత పిల్ల కాగితం మీద 42 గంటలు నిండాయి. నాయనమ్మ ఎలా ఉన్నారని అడిగాను.

"స్పీకర్ ఫోన్లో దుబాసీ ఆవిడది గుంటూరు యాసట ఆంటీ, సగం తెలీలేదని ఒకటే సణుగుడు. కానీ నాన్నని బయట కూర్చోమని, అరగంట మాట్లాడిందిట. నాతో ఇన్నేళ్ళూ చెప్పనివి ఏవో ఉన్నాయిట."