ఆరు దినముల సెలవు

ఉపాధ్యాయునికి సెలవులు చాలవన్నచో లోకము నవ్వును. వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు ఉండగా మరల అర్జీ పెట్టి ఆరు దినములు కోరుట యెందుకు? ఇట్లని నన్నొరు లడుగలేదు. నన్ను నేనే అడిగికొనుచున్నాను. వేసవిలో మా ముస్తాబాదున ఎండ నలుబది డిగ్రీలు దాటును. డెబ్బదియేండ్ల తల్లిని వెంటబెట్టుకొని రైలెక్కుటకు అది కాలము గాదు. దసరాకు బతుకమ్మ వచ్చును. అప్పుడు ఊరు విడుచు మాట మా యింటి యాడువారి యెదుట ఎత్తరాదు. మిగిలినది సంక్రాంతి. దానికి ఆరు దినములు చేర్చినచో విశాఖపట్టణము పోయి నెమ్మదిగా రావచ్చును. మా తల్లి సముద్రము నెన్నడును చూచి యెరుగదు. గాని జనవరియే పదవ తరగతివారికి ప్రత్యేక పాఠములు నడచు మాసము.

నేను లేనిచో పిల్లలకు సమాసములు రావను తలంపు ధర్మము వేషమున వచ్చును గాని, లోన నుండునది అహంకారమే. మన ప్రాచీనులు వేదాధ్యయనమునకు సైతము అనధ్యాయ దినములు ఏర్పరచిరి. ఇంగ్లీషువారి స్కూలను మాటకు మూలమైన గ్రీకు పదమునకు తీరిక యని యర్థము. ఇది పిల్లలకు చెప్పిన నవ్వుదురు.

నన్ను నిజముగా బాధించునది వేరు. నా విద్యార్థులలో కొందరి తండ్రులు పొరుగున సిరిసిల్లలో మరమగ్గములపై పన్నెండు గంటల పాళి చేయుదురు. నేసినదానికే కూలి. వారికి పనిలేని దినములు కలవు. సెలవు దినములు లేవు. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు మగ్గములు రేయింబవళ్లు మ్రోగినవి. పని తీరినంతనే షెడ్డులు మౌనము వహించినవి. ఆ మౌనమును విశ్రాంతి యనుట పాపము. గల్ఫునకు పోయినవారికి రెండేండ్ల కొకసారి సెలవు దొరకునట! అది చెల్లెలి పెండ్లికి, ఇంటి కప్పునకు, అప్పులవారికి సరిపోవును.

అట్లని నా సెలవు నేను మానుకొన్న మాత్రమున వారికొక దినమైన వచ్చునా? రాదు. జీతముతోడి సెలవు ఎవరి దయయు గాదు. 1936లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఏడాది పనిచేసినవానికి కనీసము ఆరు పనిదినములు జీతముతో సెలవీయవలెనని ఒడంబడిక చేసినది. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఏడాదిలో 240 దినములు పనిచేసినవారికి ఇరువది దినములకొక దినము చొప్పున దానిని విధించినది. అయితే విద్యుచ్ఛక్తితో నడచు చోట పదిమందియైన పనివారు లేనిచో ఆ చట్టము సాధారణముగా తగిలెడిది కాదు. చిన్న షెడ్డులవారు దాని నీడకు వెలుపలనే నిలిచిరి. కావున సిగ్గుపడవలసినది సెలవు గలవాడు గాదు.

ఇక ఇంటిమాట. ప్రయాణపు ముచ్చట విని నా భార్య యొకటే అడిగినది: "సముద్రము దగ్గర గూడ వంట నాదేనా?" హాజరుపట్టీ లేని ఉద్యోగమునకు సెలవర్జీ ఎవరికి పెట్టవలెను? భోజనము పెట్టు బసయే కుదిర్చితిని. ఖర్చు హెచ్చినది, హెచ్చనిమ్ము.

మా తల్లి మాత్రము సంశయించినది. ఆమె ముప్పదియేండ్లు బీడీలు చుట్టినది. వెయ్యికింత యని కూలి, చుట్టని దినమున లేదు.

"ఆరు దినాలు బడికి పోకపోతే జీతం కోస్తరు గద బిడ్డా?"

"కొయ్యరమ్మా."

"పని చెయ్యకున్నా ఇస్తరా?"

ఔనంటిని. ఆమె చాలసేపు నా మొగము వంక చూచి, "మంచిదే," అని, పెట్టెలోని మంచి చీర తీయుటకు లేచినది. తోటి ఉపాధ్యాయిని యొకరు నా పాఠములు చెప్పుట కొప్పుకొన్నారు. నిన్న టిక్కెట్లు కొంటిని.