183 దాటితే పాత ఇర్వింగ్

ఇర్వింగ్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఉత్తరపు సగమే. మెకార్థర్ బొలెవార్డ్ మీద ఇండియన్ కిరాణా కొట్లు, బిర్యానీ హోటళ్లు, వ్యాలీ రాంచ్ కాలువల పక్కన సాయంత్రం నడకకి వచ్చే అమ్మానాన్నలు, విలియమ్స్ స్క్వేర్‌లో నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తే తొమ్మిది కంచు గుర్రాలు, థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబర్ 2న వెలిసిన గాంధీ విగ్రహం. ఇండియా నుంచి చుట్టాలొస్తే మనం చూపించే ఇర్వింగ్ ఇది. 183 హైవే దాటి దక్షిణానికి వెళ్లేది తక్కువ. బ్రిటన్ రోడ్డులోని ఏక్తా మందిర్‌కి వెళ్లినప్పుడు ఆ రెండో ఊరి అంచు కాస్త కనిపిస్తుంది. అంతే, దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చేస్తాం.

నిజానికి అసలు ఊరు అదే. 1903లో రైలు పట్టాల పక్కన షుల్జ్, బ్రౌన్ అనే ఇద్దరు భూమి కొని, ప్లాట్లు వేసి అమ్మితే పుట్టిన ఊరు ఇర్వింగ్. పుట్టుకలోనే రియల్ ఎస్టేట్ ఉందన్నమాట. అయినా చాలాకాలం పల్లెగానే ఉంది. 1950 జనాభా లెక్కల్లో ఇక్కడున్నది 2,621 మంది. 1960కి 45,985. 1970కి 97,260. లాస్ కొలినాస్ మొదలైంది 1973లో, విమానాశ్రయం తెరిచింది 1974లో. అంటే మనం ఇర్వింగ్ అనుకునే ఊరు ఇంకా గడ్డి మైదానంగా ఉన్నప్పటికే దక్షిణ ఇర్వింగ్ నిండిపోయింది.

ఇరవై ఏళ్లలో పల్లె లక్ష మంది ఊరైతే ఇళ్లెలా కడతారో ఊహించుకోవచ్చు. స్టోరీ రోడ్డు, నర్సరీ రోడ్డు, షేడీ గ్రోవ్ రోడ్డు అటూ ఇటూ వీధి తర్వాత వీధి ఒకే వాలకం. ఒకే అంతస్తు, ముందు వైపు ఇటుక, తక్కువ వాలు పైకప్పు, మూడు చిన్న పడగ్గదులు, పక్కన గరాజు. రాంచ్ ఇళ్లంటారు. మా అత్తగారు చూసి, "అచ్చం మన రైల్వే క్వార్టర్స్‌లా ఉన్నాయే" అన్నారు. క్వార్టర్స్‌కి లేనివి ఇక్కడి పెకాన్ చెట్లు, ఇళ్లు కట్టిన కొత్తలో నాటినవి ఇప్పుడు వీధంతా నీడ పరుస్తున్నాయి. కొత్త కాలనీల్లో పుల్లల్లాంటి చెట్లు చూసి చూసి ఉన్నవాళ్లకి ఈ నీడ కింద కారు ఆపగానే మనసు సగం కరిగిపోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఈ కాలపు ఇల్లు లోపల ఎలా ఉండేదో చూడాలంటే వెస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లో రూత్ పెయిన్ ఇల్లు ఉంది. ప్రెసిడెంట్ కెన్నెడీ హత్యకి ముందు రోజు రాత్రి లీ హార్వీ ఆస్వాల్డ్ పడుకున్నది ఆ ఇంట్లోనే. అతని భార్య మరీనాని, పిల్లల్ని రూత్ తన ఇంట్లో ఉంచుకుంది. నగరపాలక సంస్థ 2009లో ఆ ఇల్లు కొని, 1963లో ఉన్నట్టే మళ్లీ తయారుచేసి 2013లో మ్యూజియంగా తెరిచింది. ఊరంతా పాత వంటగదులు పీకి కొత్తవి పెట్టిస్తుంటే నగరం మాత్రం ఒక ఇంటిని వెనక్కి తీసుకెళ్లింది! చరిత్ర సంగతి అలా ఉంచి, ఆ గదుల కొలత చూడండి. అద్దెకిద్దామని కొనే ఇల్లు దాదాపు అంతే ఉంటుంది.

ఇక మనవాళ్లు ఇటు ఎందుకు చూస్తున్నారు? కొంత ధర. కొంత ఏడాదికోసారి పెరిగే అద్దెల మీద ఆశ. నేను ఎక్కువగా విన్నది మాత్రం ఇంకో మాట. నాకు తెలిసిన నెల్లూరమ్మాయి ఒకతె హెచ్-4 మీద ఏళ్ల తరబడి ఉంది. అక్కడ బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. "అక్కా, ఈ దేశంలో నా పేరు మీద కరెంటు బిల్లు కూడా లేదు," అంది ఒకసారి. 2015 మే 26 నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి పని అనుమతి దొరుకుతోంది కానీ, భర్త గ్రీన్ కార్డు ఒక దశకి చేరేదాకా ఆ తలుపు తెరుచుకోదు. ఆస్తి కొనడానికి, అద్దె తీసుకోవడానికి ఆ అనుమతి అక్కర్లేదు. అయితే ఆస్తి ఉండటం వేరు, దాన్ని ఉద్యోగంలా రోజూ నడపడం వేరు. సొంతంగా రంగులేయడం, టైల్సు పరచడం, అద్దెకున్నవాళ్ల మరమ్మతులన్నీ తనే చేయడం ఏ గీత దగ్గర "పని" అవుతుందో ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాలి. పార్టీల్లో చెప్పే సలహా దానికి సరిపోదు.

పేరు సంగతి వచ్చింది కాబట్టి మరో మాట. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్లయ్యాక సంపాదించిన దానితో కొన్న ఆస్తి, కాగితం మీద ఎవరి పేరున్నా, మామూలుగా ఇద్దరిదీ. పుట్టింటివారి కానుకగానో వారసత్వంగానో వచ్చినది మాత్రం ఆవిడ సొంతం, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితాలతో చూపించగలిగితే. మన దగ్గర పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఉంటుంది కదా, అది అమ్మి పంపిన డబ్బు ఇక్కడ డౌన్ పేమెంట్‌లో కలిసిపోతే, ఆ జాడ అక్కడితో చెరిగిపోతుంది. 1985లో ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. ఆ తరం కూతుళ్లం ఇక్కడికొచ్చి బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోకపోతే ఎలా? ఆ డబ్బు విడి ఖాతాలోకి రప్పించుకుని, అక్కణ్ణుంచే ఇంటికి కట్టడం పెద్ద కష్టమేం కాదు.

సరే, ఇంటి దగ్గరికి వద్దాం. డాలస్ చుట్టుపక్కల నేల గురించి గుంటూరు వాళ్లకీ, ఆదిలాబాద్ వాళ్లకీ ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లరేగడి. పుస్తకాల్లో కూడా ఈ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి, మన దక్కన్ నల్లమట్టి రెండూ ఒకే జాతి, వెర్టిసాల్. ఇక్కడా ఒకప్పుడు పత్తే పండించారు. వానకి ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది. మన ఊళ్లో వేసవిలో చేలో పడిన నెర్రెల్లో కాలు ఇరుక్కునేది గుర్తుందా? అదే నేల మీద నాలుగైదు అంగుళాల కాంక్రీటు పలక పోసి ఇల్లు కట్టేశారు. పలక ఒక మూల పైకి లేస్తుంది, ఒక మూల దిగుతుంది. ఇటుక గోడలో మెట్లు మెట్లుగా పాకిన పగులు, పూర్తిగా మూసుకోని పడగ్గది తలుపు, నేల మీద పెట్టగానే ఒక వైపుకి దొర్లే గోళీ, ఇవి చూడాలి. వేసవిలో ఇంటి చుట్టూ గోడకి అడుగు, అడుగున్నర దూరంలో నీళ్లూరే గొట్టం పరిచి నేలని తడుపుతూ ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లు "ఇంటికి నీళ్లు పోస్తున్నారా!" అని నవ్వుతారు. పోయాలి మరి.

దానికంటే కనబడనిది ఇంకొకటి, పలక కింది మురుగు గొట్టాలు. ఆ కాలం ఇళ్లలో అవి కాస్ట్ ఐరన్‌వి. అరవై ఏళ్లకి లోపల తుప్పు తిని పోతుంటాయి. పైకి లక్షణంగా ఉంటుంది, కొత్త కమోడ్, కొత్త సింకు, కింద మాత్రం మురుగు మట్టిలోకి ఇంకుతూ ఆ మట్టిని ఉబ్బిస్తుంటుంది. గొట్టానికి బిరడా పెట్టి, నీళ్లు నింపి, మట్టం దిగుతుందా అని చూసే పరీక్ష ఉంది, హైడ్రోస్టాటిక్ టెస్ట్ అంటారు. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఇది ఉండదు, విడిగా అడిగి డబ్బు కట్టించుకోవాలి. పునాది లేపించిన ఇంటికైతే తప్పనిసరి, లేపేటప్పుడు ఆ గొట్టాలు విరగొచ్చు. టెక్సస్‌లో కొనే ఒప్పందానికి ఆప్షన్ పీరియడ్ అని కొన్ని రోజుల గడువు కొనుక్కోవచ్చు, అందులో ఏ కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ఈ పరీక్షలన్నీ ఆ రోజుల్లోనే పూర్తి కావాలి. నా నెల్లూరు చెల్లెలు మూడు ఇళ్లు ఇలా వదిలేసింది. మూడోసారి వాళ్లాయన విసుక్కుంటే, "పెళ్లిచూపులకి మీరు ఎన్ని ఊళ్లు తిరిగారు?" అని అడిగిందట.

1978కి ముందు కట్టిన ఇల్లైతే రంగులో సీసం ఉండొచ్చు. కొనేవారికి అమ్మేవారు, అద్దెకొచ్చేవారికి యజమాని ఆ విషయం కాగితం మీద తెలియజేయాలి, ప్రభుత్వ కరపత్రం చేతికివ్వాలి. అద్దె ఇంట్లో పాత రంగు గీకే పని చేసేవారికి ఆ పద్ధతిలో సర్టిఫికెట్ ఉండాలన్నది 2010 నుంచి ఉన్న ఫెడరల్ నియమం. యజమాని సొంతంగా చేసుకున్నా అదే నియమం. యూట్యూబ్ చూసి శని, ఆదివారాల్లో గీకేయొచ్చు అనుకునేవారికి ఇది చెబితే ముఖం మాడుతుంది, కానీ ఆ దుమ్ము పాకే పిల్లల నోట్లోకి వెళ్తుంది.

వంటగది గురించి నాకో అభిప్రాయం ఉంది. ఈ ఇళ్లలో వంటగది విడి గది. కొన్న వెంటనే అందరూ చేసేది ఆ గోడ పడగొట్టి హాల్లో కలిపేయడం. ముందు ఆ గోడ పైకప్పు బరువు మోస్తోందా అని ఇంజనీరుని అడగాలి, నగరపాలక సంస్థ పర్మిట్ తీసుకోవాలి. అది దాటినా, ఆ గోడ ఉంచితేనే మేలంటాను. ఇంగువ తాలింపు వేసే కుటుంబానికి తలుపున్న వంటగది వరం. గోడ పడగొట్టే డబ్బుతో పొయ్యి మీది ఫ్యానుకి బయటికి గొట్టం వేయించండి. చాలా పాత ఇళ్లలో ఆ ఫ్యాను పొగని పీల్చి మళ్లీ మన ముఖం మీదకే వదులుతుంది. మెక్సికన్ కుటుంబం అద్దెకొచ్చినా వాళ్ల పెనం మీద మిరపకాయలు వేగేటప్పుడు ఇదే గొట్టం కావాలి.

ఇక డబ్బు. లెక్క కోసం ఇల్లు 3,00,000 డాలర్లు, అద్దె నెలకి 2,200 అనుకుందాం. ఏడాదికి 26,400. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆస్తి పన్ను గట్టిగా ఉంటుంది. నగరం, బడి, కౌంటీ, పార్క్‌ల్యాండ్ ఆసుపత్రి, కమ్యూనిటీ కాలేజీ అన్నీ కలిసి 2.1 శాతం వేస్తే 6,300. వడగళ్ల దేశంలో ఇన్సూరెన్సు 3,000. ఇల్లు ఒక నెల ఖాళీ ఉంటే 2,200. మరమ్మతులకి 3,000. మిగిలేది 11,900. 75,000 చేతి డబ్బు పెట్టి, మిగతా 2,25,000 ముప్ఫై ఏళ్లకి ఏడు శాతం వడ్డీతో తెస్తే ఏడాదికి కట్టేది దాదాపు 17,960. అంటే నెలకి ఐదొందలు మన జేబులోంచి. అదే అప్పు మూడు శాతానికైతే కట్టేది 11,380, చేతిలో ఐదొందలు మిగులుతుంది, అదీ ఏడాదికి. కంతుల్లో కొంత అసలు తీరుతుంది నిజమే, అయినా పునాది పని ఒక్కసారి వస్తే ఈ పట్టికంతా చెరిపి రాసుకోవాలి. "రెంటల్ కొంటే దానంతట అదే కట్టుకుంటుంది" అనేవారు ఏ ఏడాది, ఏ వడ్డీకి కొన్నారో అడగండి.

పన్నులో ఇంకో మెలిక. ఉంటున్న ఇంటికి దొరికే హోమ్‌స్టెడ్ మినహాయింపు అద్దె ఇంటికి లేదు. అంచనా విలువ ఎక్కువనిపిస్తే ఏటా మే 15 లోపు, లేదా నోటీసు వచ్చిన ముప్ఫై రోజుల్లోపు, డాలస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఇంటి కట్టడం విలువని 27.5 ఏళ్ల మీద తరుగుగా చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చన్నది నిజమే. కానీ నష్టాన్ని జీతంలోంచి మినహాయించుకునే వెసులుబాటు ఆదాయం లక్ష దాటిన దగ్గర్నుంచి తగ్గుతూ, లక్షన్నరకి పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉంటే ఆ నష్టం ముందేళ్లకి మోసుకుపోవడమే.

ఇల్లు తయారయ్యాక మన వాట్సాప్ గ్రూపుల్లో కనబడే ప్రకటన ఒకటి నాకు గుబులు పుట్టిస్తుంది: "ఇండియన్ ఫ్యామిలీకి మాత్రమే". 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలున్నారా లేరా అన్నవి చూసి ఇల్లు కాదనకూడదు, అలాంటి ఇష్టాన్ని ప్రకటనలో రాయకూడదు. "మనవాళ్లయితే శుభ్రంగా ఉంచుతారు" అని చెప్పుకుంటాం. హైదరాబాద్‌లో "మీరేమిట్లు?" అని అడిగాకే గేటు తీసిన ఇళ్లవాళ్లని తిట్టుకున్నది మనమే కదా. పైగా దక్షిణ ఇర్వింగ్‌లో ఎక్కువ మంది స్పానిష్ మాట్లాడే కుటుంబాలు. వాళ్ల వీధిలో ఇల్లు కొని వాళ్లకే ఇవ్వననడం చట్టం లేకపోయినా బాగుండదు. ఆదాయం, పాత అద్దెల చరిత్ర అందరికీ ఒకే కొలతతో చూడటం తేలిక కూడా.

నెల్లూరమ్మాయి నాలుగో ఇల్లు కొంది, పయనీర్ డ్రైవ్‌కి కాస్త లోపలగా, పెద్ద పెకాన్ చెట్టున్నది. పత్రాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కరెంటు, నీళ్ల బిల్లులు మరమ్మతులు జరిగినన్నాళ్లు ఆమె పేరు మీదే వచ్చాయి. మొదటి బిల్లు ఫోటో తీసి నాకు పంపింది. అద్దెకి దిగింది ముగ్గురు పిల్లలున్న ఒక మెక్సికన్ కుటుంబం. చట్టం చెప్పినట్టు వారం లోపలే తాళాలు మార్పించింది, డిపాజిట్ విడి ఖాతాలో వేసింది, ఖాళీ చేసిన ముప్ఫై రోజుల్లో లెక్క చెప్పి తిరిగివ్వాలి కదా. నవంబర్లో కాయలు రాలడం మొదలైతే ఆ ఇంటావిడ ఫోన్ చేసి అడిగింది, పెకాన్లు ఎవరివని. లీజు మొత్తం వెతికినా ఆ మాట ఎక్కడా లేదు. చెరి సగం అనుకున్నారు. నాకు ఒక సంచీ వచ్చింది, బెల్లం వేసి ఉండలు చేశాను.